పాతరలో రైలు దారి

మా అత్తగారింట్లో, వడ్లు పోసే పాతరలో, కొంతకాలం ఒక రైలు దారి ఉండేది. ఈ మాట చెబితే మా మనవరాళ్లు మొహమొహాలు చూసుకుని నవ్వుతారు. ముసలిదానికి మతి చెదిరిందనుకుంటారు కాబోలు. వాళ్ల దగ్గర నేను ఎక్కువ మాట్లాడను. మొదలుపెడితే రైలుతో ఆగదు, ఆ దారి వేసిన మనిషి దాకా పోవాలి. అక్కడికి పోయేసరికి ఏదో పని ఉందని లేచిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పాలమూరుకు దక్షిణాన మీటర్ గేజు లైను మీద ఒక చిన్న స్టేషన్. మా ఆయన అక్కడ పాయింట్స్‌మన్. వచ్చే బండి ఏ పట్టాల మీదికి పోవాలో చూసి దారి మళ్లించడం ఆయన పని. ఇల్లు స్టేషన్ పక్క ఊళ్లో, మా అత్తది. ఎప్పుడో పంటలు బాగా పండిన రోజుల్లో మా మామగారి పెద్దలు వెనక అర్ర కింద పాతర తవ్వించారు. అందరిళ్లలో ఉండే గుంత లాంటిది కాదు. చుట్టూ రాతికట్టు, మనిషి నిలబడినా తల తగలనంత ఎత్తు, బావిలా గుండ్రంగా ఉన్న గది. అర్రలో నేలమీదున్న బండ ఎత్తి నిచ్చెన మీద దిగాలి. గాలి కోసం పశువుల కొట్టంలోకి ఒక చిన్న కంత ఉండేది. నేను కాపురానికి వచ్చేనాటికి అందులో వడ్లగింజ లేదు. లెవీ పేరుతో సర్కారు వాళ్లు ఊడ్చుకుపోయింది పోగా, మిగిలింది రజాకార్లు పట్టుకుపోయారు.

నేను పుట్టింది చిట్యాల దగ్గర ఒక పల్లెలో. మా ఊళ్లో దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ సంగం గట్టిగా ఉండేది. ఆ కోపంతో రజాకార్లు వచ్చి మా నాయిన గడ్డివాములు తగలబెట్టారు. మా చిన్నాయనను బండి చక్రానికి కట్టి కొట్టారు. ఆయన మళ్లీ ఎడమ చెయ్యి పైకెత్తలేదు. ఆడవాళ్ల సంగతి నేను రాయను. అవన్నీ చూసి వచ్చినదాన్ని కాబట్టి, టోపీ పెట్టుకున్న ఏ ముస్లిం మనిషిని చూసినా నాకు కడుపు మండేది. అది న్యాయం కాదని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే తీరులో నేను లేను.

తర్వాత ఇండియన్ యూనియన్ ఫౌజు వచ్చింది. నిజాం రాజ్యం లొంగిపోయిందన్నారు. ఊళ్లో డప్పులు కొట్టారు, నేనూ గడపకు పసుపు రాశాను. తుపాకులు పట్టి ఊళ్లు దోచినవాళ్లలో చాలామంది రాత్రికి రాత్రే ఎటో జారుకున్నారు. ఏమీ చెయ్యని వాళ్లు, పోవడానికి చోటు లేని వాళ్లు మిగిలారు. జనం కోపం వాళ్ల మీద పడింది.

ఆ మిగిలినవాళ్లలో మా స్టేషన్ మాస్టరు ఒకరు. నడివయసు దాటిన ముస్లిం మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎండాకాలంలో కూడా రైల్వే కోటు గుండీలన్నీ పెట్టుకునేవారు. ఆయన భార్య కూతురి కాన్పుకని హైదరాబాదు పోయి అక్కడే చిక్కుకుపోయింది. తన బదులు మనిషి రానిదే స్టేషన్ వదలనని ఈయన ఇక్కడే ఉండిపోయారు. ఫౌజు రాకముందు రజాకార్లు ఎక్కిన బండ్లు మా స్టేషన్ మీదుగానే పోయాయి. వాటికి ఈయనే దారిచ్చాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆయన క్వార్టరు మీద రాళ్లు పడుతున్నాయి.

ఒక సాయంత్రం మా ఆయన మాస్టరును కొట్టం వైపు నుంచి లోపలికి తీసుకొచ్చాడు. ఆయన నెత్తిన గోనెసంచి కప్పి ఉంది.

"అమ్మా, సాబు కొన్ని దినాలు మనింట్లనే ఉంటడు. హైదరాబాద్ తోవ సక్కబడినంక పంపిద్దాం," అన్నాడు వాళ్లమ్మతో.

"ఉంటె ఉండనీ, నాకేంది. ఊరు ఊకుంటదారా?"

"ఊరికి ఎట్ల తెలుస్తది? పాతరల ఉంటడు."

అత్త నా వైపు చూసింది. నేను చేతిలో ఉన్న బిందె ఠంగుమని కింద పెట్టి వంటింట్లోకి పోయాను. మా ఆయన వెనకే వచ్చాడు. రజాకార్లు ఒకసారి తనను కూలికి పట్టుకుపోబోతే, "గీ మనిషి లేకపోతె బండి పడిపోతది, మీరే జవాబు చెప్పుకోవాలె," అని మాస్టరే అడ్డం నిలబడ్డారట. అది నాకు అప్పుడు చెప్పాడు. అంతకు ముందెందుకు చెప్పలేదంటే, నువ్వు భయపడతావని అన్నాడు. భయం సంగతి తర్వాత, ముందు కోపం వచ్చింది. ఏమైతేనేం, అన్నం మాత్రం నేనే దింపాను. గిన్నె తాడుకు కట్టి, మొహం చూడకుండా.

కొన్ని రోజులు అలాగే గడిచాయి. పై నుంచి అన్నం దిగేది, కింది నుంచి ఖాళీ గిన్నె వచ్చేది. ఒకనాడు గిన్నెతో పాటు మాట కూడా వచ్చింది.

"బిడ్డా, జర ముగ్గు పిండి ఉంటదా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చీకట్లో కూర్చుని ఈయనకు మతి పోయిందనుకున్నాను. "ఇంత పెట్టి పంపు, ఏం చేసుకుంటడో చేసుకోనీ," అంది అత్త. పంపాను. మర్నాడు మళ్లీ అడిగారు. తర్వాత బొగ్గు అడిగారు, దారం అడిగారు, పాత గొడుగు అడిగారు. గొడుగు అడిగిన రోజు నేనే దీపం పట్టుకుని నిచ్చెన దిగాను. ఆయన్ను నాలుగు మాటలతో కడిగేద్దామనే దిగాను.

నేలంతా ముగ్గు గీతలు. మొదట పిచ్చిగీతలే అనుకున్నాను. దీపం కిందికి దించితే గుర్తుపట్టాను. అది మా స్టేషనే. బండి ఆగే పెద్ద లైను, దాని పక్కన ఎదురు బండికి దారిచ్చే లూప్ లైను, సరుకుల షెడ్డు దాకా పోయి ఆగిపోయే ముక్క, ఇంజన్‌కు నీళ్లు పట్టే చోటు, చివరికి మా ఆయన నిలబడే చిన్న గుమ్టీ గది కూడా ఉంది. మా ఆయన జాగా దగ్గర ఒక బొగ్గు చుక్క పెట్టారు.

"అన్ని మంచిగనే ఉన్నయి గని గీ పాతర కమర సక్కగ లేదు, బిడ్డా," అన్నారు ఆయన, నేను ఎందుకు దిగానో అడగకుండానే. "గుండ్రంగ ఉన్నది. అదే తక్లీఫ్."

ఆయన తిప్పలు నాకు అక్కడే కూర్చోబెట్టి చెప్పారు. స్టేషన్ ఎప్పుడూ తిన్నటి దారి మీద ఉండాలట. వంపులో ఉంటే డ్రైవరుకు సిగ్నల్ కనపడదు. అందుకని గది నడుమ అడ్డంగా తిన్నగా గీశారు. అక్కడి నుంచి లైను బయలుదేరి గోడ దాకా పోతుంది. గోడ దగ్గరికి వచ్చాక ఎటు పోవాలి? గోడ వెంట తిప్పితే చుట్టూ తిరిగి మళ్లీ అదే స్టేషన్‌కు రెండో కొస నుంచి వచ్చి చేరుతుంది.

"రానీ, ఏమైతది? చిన్నపోరల ఆటల గట్లనే తిరుగుతది కద," అన్నాను.

"బయలెల్లిన కాడికే మల్ల వచ్చేది రైలెట్ల అయితది? గానుగెద్దు అయితది," అని కసిరారు.

నిజం చెప్పాలంటే ఆ కసురు నాకు కొంచెం నచ్చింది. అప్పటిదాకా ఆయన మా ఇంట్లో తల వంచుకుని బతుకుతున్నారు. అది నాకు సుఖంగా లేదు. ఆ రోజు మా మామగారి పాత గొడుగు విరిచి ఊచలు నేనే ఇచ్చాను. గొడుగు ఏదని అత్త అడిగితే, చెదలు పట్టిందన్నాను.

ఊచలు పట్టాలయ్యాయి. చాలకపోతే వెదురు తట్ట చీల్చి సన్నటి బద్దలు చేశాం. వాటి కింద వేసే అడ్డకర్రలకు జొన్న దంట్లు కోశాను. పెట్టెలకు అగ్గిపెట్టెలు. చక్రాలకు ఆయన చింతగింజలు అన్నారు. చింతగింజ నున్నగా దొర్లదని నాకు తెలుసు, చెప్పినా వినలేదు. రెండు పూటలు కుస్తీ పట్టి, చివరికి కుండపెంకులు అరగదీసుకున్నారు. ఇంజన్‌కు మా అత్త నశ్యం డబ్బీ ఇచ్చింది. ఇచ్చేముందు ఉన్న నశ్యమంతా ఒక్కసారే పీల్చి, తుమ్ముకుంటూ ఇచ్చింది.

వంపుల దగ్గర బండి పదే పదే పడిపోయేది. వంపు బిగువైతే పెట్టెలు లోపలికి లాగి బోల్తా కొడతాయని, ఉన్న జాగాలోనే ఎంత వీలైతే అంత పెద్ద వంపు తియ్యాలని దారం పట్టి మళ్లీ మళ్లీ గీసేవారు. దారం ఒక కొస నేను పట్టుకునేదాన్ని. బయటి వైపు పట్టా కింద తడిమట్టి పెట్టి కొంచెం ఎత్తు చేశాక బండి నిలబడింది. ఆ రోజు ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నశ్యం డబ్బీ వైపు చాలాసేపు చూశారు.

అలా దారం పట్టుకుని కూర్చున్న ఒక మధ్యాహ్నం అడిగేశాను. ఎప్పటి నుంచో గొంతులో ఉన్న మాట.

"సాబ్, రజాకార్ల బండ్లు మన స్టేషన్ మీదికెల్లే కద పోయినయి?"

"పోయినయి."

"మరి ఆపకపోతిరి?"

"పక్క స్టేషనోడు లైన్ ఖాళీగ ఉన్నదా అని అడుగుతడు. ఉంటె ఉన్నదనే చెప్పాలె. అందుల అబద్ధం చెప్తె, ఇగ ఎవల మాట మీద బండ్లు నడుస్తయి?"

"బండ్ల ఎవలున్నరో చూడరా?"

ఆయన దారం కింద పెట్టారు. "చూసిన బిడ్డా. చూసినంక గూడ ఇచ్చిన."

నాకు చిన్నాయన చెయ్యి కళ్లముందు మెదిలింది. నిచ్చెనెక్కి పైకొచ్చేశాను. రెండు రోజులు దిగలేదు. గిన్నె అత్త దింపింది. నా కోపం తగ్గి దిగానని చెప్పలేను. ఆయన చెయ్యలేదనో, చూడలేదనో అనొచ్చు, వినేవాళ్లం మేమే కదా. అనలేదు. దాచకుండా చెప్పిన మనిషిని అంతకంటే ఎలా శిక్షించాలో నాకు తెలియలేదు. మూడో రోజు బొగ్గు పట్టుకుని దిగాను.

నేను లేని ఆ రోజుల్లో ఆయనకు ఉపాయం తట్టింది. గోడ వెంట చుట్టూ తిప్పే లైను చెరిపేశారు. దాని బదులు లైను సగం గది చుట్టి నిచ్చెన మొదట్లో ఆగిపోయింది.

"ఇక్కడికెల్లి పై స్టేషన్‌కు పోతది," అన్నారు.

"పై స్టేషన్ ఏడున్నది?"

"నీ అర్రల. నువ్వే మాస్టర్‌వు."

అంటే, ఆయన కింద తన స్టేషన్ నడుపుకుంటారు. బండిని నిచ్చెన దాకా లాగి వదిలితే అది నా స్టేషన్ వైపు బయలుదేరినట్టు. నేను చేరిందని చెబితే చేరినట్టు. పైన నాకు పట్టాలూ లేవు, బండీ లేదు. ఉన్నది పాతర మీది బండ, చేతిలో రోకలి. ఒకటే దారి మీద రెండు వైపుల నుంచీ బండ్లు నడవాలంటే, బండి వదిలేముందు అవతలి స్టేషన్‌ను అడగాలి. అడిగేముందు ఒక్క గంట కొట్టి పిలవాలి. అవతలి వాళ్లు ఒక్క గంటతో పలకాలి. ఆ తర్వాతే మిగిలిన సంగతులు. అసలు స్టేషన్లలో దానికి గంటల పెట్టెలుంటాయి. మాకు రోకలి పోటు. ఆయన కింది నుంచి రాయితో కప్పు మీద కొట్టేవారు.

మా ఆయనకు ఇది తెలిసి మండిపడ్డాడు. "మీ ఇద్దరికి మతి ఉన్నదా? సప్పుడు బయటికి పోతది."

"ఇంట్ల రోకలి సప్పుడు రాకుంటెనే అనుమానపడ్తరు," అన్నాను. అత్త కూడా అవునంది. ఆయన గొణుక్కుంటూ పోయాడు. నా మాట అంత తొందరగా నెగ్గడం ఆ ఇంట్లో అదే మొదలు, నేను లోపల మురిసిపోయాను.

ఆట అనుకుని మొదలుపెట్టానేగానీ, ఆయన దాన్ని ఆటలా చూడలేదు. ఒకసారి పాలు పొంగుతున్నాయని కింది పిలుపుకు పలకలేదు. మళ్లీ కొట్టారు, మళ్లీ కొట్టారు. వెళ్లి బండ తొలగించేసరికి ఆయన నిచ్చెన సగం ఎక్కి ఉన్నారు. మొహం ఎర్రగా ఉంది.

"పాలు పొంగుతుంటె ఏం చెయ్యమంటరు?"

"పాలు పొంగితె నేల తుడుస్తవు. బండ్లు గుద్దుకుంటె ఏం తుడుస్తవ్ బేటీ? పిలుపు వచ్చిందంటె పలకాలె. నిద్రల ఉన్నా, జ్వరంల ఉన్నా, ఇంట్ల మయ్యత్తు అయి పీనుగ ఉన్నా పలకాలె. అవతలోడు చీకట్ల కూసోని మన సప్పుడు కోసం చూస్తుంటడు."

చీకట్లో కూర్చున్నది తానేనని ఆయనకు తోచిందో లేదో. నాకు తోచింది. ఆ తర్వాత ఏ పని మధ్యలో ఉన్నా పలికాను. నేను పిలిస్తే మాత్రం, నా రోకలి లేచేలోపే జవాబు వచ్చేది. పొద్దున్న లేవగానే ఒక పోటు వేసి, కింది నుంచి అది విని, అప్పుడు పొయ్యి వెలిగించేదాన్ని. భయంతో రోజూ పొయ్యి దగ్గర వేలు కాల్చుకునే ఆ రోజుల్లో ఆ ఒక్క చప్పుడు నాకు ధైర్యంగా ఉండేది.

ఎందుకంటే బయట సంగతులు బాగాలేవు. రజాకార్ల కోసం వెతుకులాట ఒకవైపు, సంగం వాళ్ల కోసం వెతుకులాట ఇంకోవైపు. ఫౌజు లారీలు ఊరూరా తిరుగుతున్నాయి. వాటి వెంట స్థానికులు కొందరు, ఎవరి పగలు వాళ్లు మోసుకుని తిరిగేవారు. మా ఆయన ఒక గార్డును మంచి చేసుకున్నాడు. కాచిగూడ పోయే గూడ్సు బండిలో, చివరి పెట్టెలో మాస్టరును ఎక్కించుకోవడానికి ఆ గార్డు ఒప్పుకున్నాడు. పొద్దు వాలగానే బండి వస్తుంది. మా ఆయన స్టేషన్ నుంచి కబురు పంపుతాడు, నేను బండ మీద ఒక పోటు వెయ్యాలి, మాస్టరు తయారై పైకి రావాలి. అదీ అనుకున్నది.

ఆ రోజు పొద్దున్నే ఆయనకు జొన్నరొట్టెలు చేసి మూట కట్టి దింపాను. రైలు దారిని ఏమి చెయ్యమంటారని అడిగాను.

"వడ్లు వస్తయి కద, ఊడ్చెయ్యి," అన్నారు. వెంటనే, "వంపు కాడ మాత్రం జర పైలం, మంచిగ కుదిరింది," అన్నారు. ఊడ్చేదానికి పైలమేమిటని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వారు.

మధ్యాహ్నం ఇంకా పూర్తిగా తిరగలేదు. లారీ వచ్చి ఊరి మొదట్లో ఆగింది. ఆయుధాల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారని పక్కింటావిడ చెప్పేలోపే ముగ్గురు సిపాయిలు, వాళ్ల వెనక ఇద్దరు ఊరి మనుషులు మా వాకిట్లోకి వచ్చారు. వాళ్లు మాస్టరు కోసం రాలేదు. ఇది నేను ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. సంగం వాళ్ల తుపాకులు ఎవరైనా దాచారేమోనని వచ్చారు. అటక ఎక్కారు, కుండలు బోర్లించారు, కొట్టంలో గడ్డి పొడిచి చూశారు. అత్త తిడుతూనే ఉంది. నేను వెనక అర్రలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. బండ మీద ఎప్పుడూ ఉండే గోనెసంచులు, సాయంత్రానికి అడ్డమని పొద్దున్నే నేనే పక్కకు తీశాను.

ఒక సిపాయి అర్రలోకి వచ్చాడు. కుర్రవాడే, మీసం కూడా సరిగ్గా లేదు. కింద ఏమైనా పాతిపెట్టారేమోనని తుపాకి మడమతో నేల మీద అక్కడక్కడా కొట్టుకుంటూ వచ్చాడు. మూలన కొట్టాడు. గడప దగ్గర కొట్టాడు. బండ మీద ఒక్కసారి కొట్టాడు.

కింది నుంచి ఒక్క దెబ్బ, స్పష్టంగా, పలికింది.

సిపాయి అదిరిపడి వెనక్కి జరిగాడు. నేను ఎలుకలన్నాను, పందికొక్కులన్నాను. నా మాట అతనికి అర్థం కాలేదు. తోడు వచ్చిన ఇద్దరికీ అర్థమైంది, వాళ్లు నమ్మలేదు. పలకొద్దని అరవాలనిపించింది. అరిస్తే ఉన్నారని చెప్పినట్టే. సిపాయి వంగి, ఈసారి కావాలనే, ఇంకొక్కసారి కొట్టాడు. పలకొద్దన్న మాట ఆయనకు ఎలా చేర్చాలో తెలియక కాలి బొటనవేలు నేలకు నొక్కి పట్టాను, దానివల్ల ఏమవుతుంది.

మళ్లీ పలికింది.

బండ వాళ్లు ఎత్తనవసరం లేకపోయింది. సందు కొంచెం తెరవగానే ఆయనే పైకి నెట్టుకుంటూ వచ్చారు. ప్రయాణానికి తయారై ఉన్నారు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, రొట్టెల మూట చంకన పెట్టుకుని. వెలుతురుకు కళ్లు చికిలించి మొదట నన్నే వెతికారు. తర్వాత తుపాకి చూశారు.

"కొట్టింది నువ్వు కాదా బిడ్డా?" అన్నారు.

తల అడ్డంగా ఊపాను.

తోడు వచ్చిన వాళ్లలో ఒకడు, "గీడే. రజాకార్ల బండ్లకు తోవ ఇచ్చినోడు గీడే," అన్నాడు. అది అబద్ధమని నేను అనలేకపోయాను. ఆయన కూడా అనలేదు. అత్త మాత్రం, "మా ఇంటి సుట్టం, మా ఇంటి మనిషి," అని సిపాయి కాళ్ల మీద పడింది. ఎవరూ వినలేదు. ఇద్దరు సిపాయిలు పాతరలోకి దిగి చూసి వచ్చారు. కింద బూట్ల కింద వెదురు విరుగుతున్న చప్పుడు నాకు వినిపించింది. పైకి వచ్చాక ఒకడి చేతిలో నశ్యం డబ్బీ ఉంది. మూత తీసి వాసన చూసి పారేశాడు.

లారీ ఎక్కించేటప్పుడు రొట్టెల మూట కిందపడింది. నేను తీసి ఇవ్వబోతే ఎవరో నెట్టేశారు.

సాయంత్రం అనుకున్న వేళకే గూడ్సు బండి వచ్చి పోయింది. మా ఆయన కబురు తెచ్చేవాణ్ణి పంపకుండా తానే పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఎవరో చెప్పారట. ఆ రాత్రే పాలమూరు నడిచాడు. క్యాంపులో అడిగితే, అలాంటి మనిషి రాలేదన్నారు. ఇంకో క్యాంపుకు పొమ్మన్నారు. అక్కడా రాలేదన్నారు. ఆ లారీ పాలమూరు దాకా పోనే లేదని, వాగు దగ్గర చాలాసేపు ఆగిందని పశువులు కాసేవాళ్లు అనుకున్నారు. మా ఆయన వాగు వెంట కూడా పోయి వెతికాడు. ఏమి దొరికిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మాట్లాడటమే తగ్గించేశాడు. కొత్త మాస్టరు వచ్చాక కూడా స్టేషన్లో గంట మోగితే బయటికి వచ్చి నిలబడేవాడట.

పాతర నేను ఊడ్చలేదు. ఆ యేడు వడ్లు వస్తే అత్త గరిసెలో పోయించింది.

చలి పోయి ఎండలు ముదిరాక, మాస్టరు భార్య వచ్చింది. బురఖాలో, ఒక్కతే, రైలు దిగి, స్టేషన్లో మా ఇల్లు అడుగుతూ వచ్చింది. పొట్టి మనిషి, బాగా లావు, మెట్టెక్కేసరికి ఆయాసపడింది. నీళ్లిస్తే తాగింది. కింద ఉన్న చోటు చూపించమంది. నిచ్చెన దిగడం ఆమె వల్ల కాలేదు. బండ పక్కన నేల మీద కూర్చుని, దీపం తాడుకు కట్టి దింపించి, వంగి చూసింది. విరిగిన పట్టాలు, తొక్కిన వంపులు, నడుమ ఇంకా చెదరని కొంచెం తిన్నటి దారి కనిపించాయి.

"ఇంట్ల ఉన్నప్పుడు గూడ గిదే పని," అంది. "పండుగ నాడు గూడ కాయితం మీద పట్టాలు గీస్కుంట కూసునేటోడు."

జరిగిందంతా ఆమెకు చెప్పాను. ముగ్గు పిండి దగ్గర నుంచి లారీ దాకా, ఏదీ తప్పించలేదు. బండ మీద ఎవరు కొట్టారో, కింది నుంచి ఎవరు పలికారో చెప్పేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. వింటున్నకొద్దీ ఆమె మొహంలో కోపం పెరిగింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"ముప్పై ఏండ్లు కాపురం చేసిన," అంది. "అన్నం పెట్టి పిలుస్త. పలకడు. పిల్లకు జ్వరమొచ్చిందని పిలుస్త. పలకడు. కొంగు పట్టి గుంజితె గాని ఈ దిక్కు చూసెటోడు కాదు. ఎవడో తుపాకి తోటి కొడితె పలికిండా?"

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఆమె వంగి ఇంకొకసారి కిందికి చూసింది. తర్వాత ఆమె మెల్లగా అడిగింది.

"నువ్వు కొడితె గూడ పలికెటోడా?"

"పలికెటోడు అమ్మా."

"ఎంతసేపటికి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆయన పాతరలో కూర్చుని నాకు చెప్పిన అబద్ధం ఒక్కటీ లేదు.

"అప్పుడే," అన్నాను.

ఆమె నా చేతులు చూసింది, మొహం చూసింది. అప్పుడు ఏడ్చింది.